కూలి పెరిగినా తిండికి చాలడం లేదంటే ఎలా లెక్కించాలి?

ప్రశ్న:
నగరాల్లో ప్రత్యేక నైపుణ్యం అక్కర్లేని పనులు చేసే కార్మికుల వేతనాలపై ఒక వ్యాసం రాస్తున్నాను. కూలి రేటు ఏటేటా పెరుగుతున్నట్టు పట్టికలు చూపే చోట కూడా తిండికి చాలడం లేదనే కార్మికులు అంటుంటారు. రోజుకూలిని ఆహార ధరతో భాగించి చూపితే సరిపోతుందా, లేక కుటుంబ ఖర్చులో ఆహారం వాటాను చూడాలా?

జవాబు 1:
భాగహారం మొదటి మెట్టుగా పనికొస్తుంది గానీ, రోజుకూలి అనేది పని దొరికిన రోజు మాట మాత్రమే. నెలలో పని దొరకని రోజులనూ కలుపుకుని సగటు తీయాలి.

అంతకంటే పెద్ద చిక్కు ధరల సూచీలో ఉంది. వేతన సవరణకు ఆధారమయ్యే వినియోగదారుల ధరల సూచీలో (కుటుంబాలు కొనేవాటి ధరలు సగటున ఎంత మారాయో చూపే కొలమానం) వస్తువుల ప్రాధాన్యం మొత్తం కుటుంబాల ఖర్చును బట్టి నిర్ణయమవుతుంది కనుక, ఎక్కువ ఖర్చు పెట్టేవారి కొనుగోళ్లే అందులో ఎక్కువగా ప్రతిఫలిస్తాయి. ఆహార ధరలు 20 శాతం, మిగతావన్నీ 5 శాతం పెరిగాయనుకుందాం. సూచీలో ఆహారం వాటా 30 శాతమైతే మొత్తం పెరుగుదల 9.5 శాతం, ఖర్చులో 60 శాతం తిండికే పెట్టే కుటుంబానికి అది 14 శాతం. సూచీ ప్రకారం కూలి పెంచిన యజమాని న్యాయమే చేశాననుకుంటాడు, కార్మికుడి నిజ వేతనం, అంటే ఆ కూలితో కొనగలిగేది మాత్రం దాదాపు 4 శాతం తగ్గుతుంది.

జవాబు 2:
ఆహారం వాటాను నమ్ముకోవడంలోనూ ప్రమాదం ఉంది. ఆదాయం పెరిగేకొద్దీ ఖర్చులో ఆహారం వాటా తగ్గుతుందని గణాంకవేత్త ఎర్నెస్ట్ ఎంగెల్ 1857లో చెప్పాడు (మార్క్స్ సహచరుడు ఎంగెల్స్ వేరు). దీన్ని తిరగేసి, వాటా తగ్గిందంటే బతుకు మెరుగుపడినట్టేనని చాలామంది చదువుతారు. నగరంలో అద్దె, పనికి వెళ్లిరావడానికయ్యే ఛార్జీలు, అప్పు మీద వడ్డీ వాయిదా వేయడానికి వీల్లేనివి. ఏ రోజుకారోజు తగ్గించుకోగలిగింది తిండి ఒక్కటే. అద్దె పెరిగిందని కుటుంబం తక్కువ తింటే ఆహారం వాటా తగ్గి, పట్టికలో అది అభివృద్ధిలా కనిపిస్తుంది. అందుకే ముందు ఈ తప్పనిసరి ఖర్చులు తీసేసి, మిగిలిన మొత్తాన్ని ఆహార ఖర్చుతో పోల్చడమే మేలని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. అయితే ఏ ఆహారంతో పోల్చాలి? కడుపు నింపేదానితోనా?

జవాబు 3:
ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ మరికొన్ని సంస్థలతో కలిసి 2020లో వెలువరించిన నివేదిక మూడు స్థాయులను వేరుచేసింది: శరీరానికి శక్తిని మాత్రమే ఇచ్చే ఆహారం, అవసరమైన పోషకాలన్నీ ఉన్న ఆహారం, వైవిధ్యంతో కూడిన ఆరోగ్యకరమైన ఆహారం. మూడోదాని ఖర్చు సగటున మొదటిదానికి దాదాపు 5 రెట్లు. కాబట్టి ఏ స్థాయో చెప్పకుండా కూలి చాలుతుందనడం, చాలదనడం రెండూ అసంపూర్ణమే. బరువులు మోసేవారికి, రోజంతా నిలబడి పనిచేసేవారికి శక్తి అవసరం కూడా ఎక్కువే. కూర్చుని పనిచేసేవారి లెక్కను వారికి వర్తింపజేయకండి.

జవాబు 1:
ధరల విషయంలో ఒక మాట కలుపుతాను. చేతిలో డబ్బు లేనివారు ఏ పూటకాపూట చిల్లరగా కొంటారు కనుక అదే సరుకుకు తరచుగా ఎక్కువ రేటు చెల్లిస్తారు. టోకు ధరలు కాకుండా, వారు నిజంగా చెల్లించిన ధరలనే సేకరించండి.