వరిచేల నుంచి రొయ్యల చెరువుల దాకా: గోదావరి డెల్టాను మెకాంగ్ డెల్టాతో పోల్చే పరిశోధనకు ప్రణాళిక ఎలా వేసుకోవాలి?

కోనసీమ విద్యార్థిని (ప్రశ్న)

నమస్కారం. ఆసియా ప్రాంతీయ అధ్యయనాలలో పరిశోధనకు ఈ సంవత్సరమే చేరాను. మాది ఉప్పలగుప్తం మండలంలో కాలువ శివారు గ్రామం. మా తాతగారి కాలంలో సార్వా, దాళ్వా రెండు పంటలూ పండిన చేలలో ఇప్పుడు చాలా వరకు రొయ్యల చెరువులే ఉన్నాయి. వియత్నాంలోని మెకాంగ్ డెల్టాలో కూడా ఇటువంటి మార్పే జరిగిందని చదివాక, రెండు ప్రాంతాలనూ పోల్చి, వరి రైతు చెరువు వైపు ఎందుకు మళ్ళుతున్నాడో తెలుసుకోవాలని అనుకున్నాను. నాకు వియత్నామీస్ భాష రాదు. అక్కడ నెల రోజులకు మించి ఉండే స్తోమత కూడా లేదు. అందువల్ల ఇక్కడ మూడు మండలాలలో 384 కుటుంబాలకు ఒక ప్రశ్నావళి ఇచ్చి, దానినే అనువాదం చేయించి అక్కడ కూడా ఇద్దామని ప్రణాళిక రాశాను. మా మార్గదర్శకులు దానిని చదివి, "ఇందులో ప్రశ్న ఏదమ్మా?" అని తిప్పి పంపారు. ప్రశ్నావళిలో 42 ప్రశ్నలు ఉన్నాయి కనుక ఆ మాట నాకు బోధపడలేదు. పెద్దలు దారి చూపగలరు.

విశ్రాంత అధ్యాపకుడు, రాజమహేంద్రవరం

అమ్మా, మీ మార్గదర్శకులు అడిగినది ఆ 42 ప్రశ్నల గురించి కాదు. "రైతు ఎందుకు మారుతున్నాడు" అని అడిగితే "లాభం కోసం" అనే జవాబు మొదటి ఇంటి అరుగు మీదే వస్తుంది, 384వ ఇంట్లోనూ అదే వస్తుంది. పరిశోధన ప్రశ్నలో ఒక చిక్కుముడి ఉండాలి, అది మీ మండలంలోనే దొరుకుతుంది. ఒకే కాలువ కింద, ఒకే రకం నేలలో ఉన్న రెండు ఊళ్ళలో ఒకటి చెరువులమయం కాగా, రెండవది వరినే ఎందుకు పట్టుకొని ఉంది? రొయ్యల ధర రెండు ఊళ్ళకూ ఒకటే కనుక లాభం అనే జవాబు ఇక్కడ చాలదు. భూమి ఎవరిది, సాగు ఎవరిది, చెరువు తవ్వడానికి ఎవరి ఒప్పుదల కావాలి, పక్క చేలోకి ఉప్పు ఊట దిగితే తగవు ఎవరు తీరుస్తారు, మురుగు ఏ డ్రెయిన్‌లో కలుస్తుంది అనే వైపు మీ చూపు మళ్ళుతుంది.

చెరువులు ఉన్న ఊళ్ళను మాత్రమే ఎంచుకోవద్దు. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి చేలను బీడు పెట్టిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. విరామం పాటించిన ఊళ్ళకే వెళ్ళి అడిగితే గిట్టుబాటు ధర లేకపోవడం, కూలీల కొరత, మురుగు పారకపోవడం అనే కారణాలు చెబుతారు. ఆ మూడు ఇబ్బందులూ ఉండి కూడా నాట్లు వేసిన ఊరు ఒకటి ఎదురైతే, అవే కారణాలని గట్టిగా చెప్పగలమా?

ఇక 384 సంగతి. ప్రతి రెండవ సిద్ధాంత గ్రంథంలోనూ ఈ అంకె కనిపిస్తుంది కాబట్టి దానికేదో మహిమ ఉందని విద్యార్థులు నమ్ముతున్నారు. 95 శాతం విశ్వాస స్థాయి, 5 శాతం పొరపాటు హద్దు, జనంలో సగం మంది ఒక వైపు, సగం మంది మరొక వైపు ఉంటారనే అంచనా తీసుకుంటే, ఎంత మందిని అడగాలో చెప్పే సూత్రం ఇచ్చే అంకె అది. అయితే మొత్తం జాబితాలోంచి లాటరీ పద్ధతిలో కుటుంబాలను తీసినప్పుడే అది చెల్లుతుంది. మీరు ముందు ఊళ్ళను ఎంచుకొని ఆ తరువాత ఇళ్ళను ఎంచుకుంటారు. ఒకే వీధిలోని పది ఇళ్ళు ఒకే కాలువ నీటి మీద, చాలాసార్లు ఒకే షావుకారు అప్పు మీద బతుకుతాయి కనుక, పది ఇళ్ళ నుంచి పది వేరువేరు సంగతులు తెలియవు. కాలువ తలన, నడుమన, శివారున ఉన్న ఊళ్ళను విడివిడిగా తీసుకొని, తక్కువ ఇళ్ళను ఎక్కువసార్లు చూడడం మీ ప్రశ్నకు మేలు. మలేసియాలోని కెడా రాష్ట్రంలో, ముడా నీటిపారుదల పథకం కింద రెండు పంటలు వచ్చిన తరువాత ధనిక, పేద రైతుల సంబంధాలు ఎలా మారాయో చూడడానికి రాజనీతి శాస్త్రవేత్త జేమ్స్ స్కాట్ 1978–80లో సుమారు 70 కుటుంబాల ఒకే ఒక్క ఊళ్ళో నివసించారు.

కుటుంబాన్ని కాక చేనును పట్టుకొని వెళ్ళడం గురించి కూడా ఆలోచించండి. ఒక కుటుంబానికి ఒకచోట వరి, మరొకచోట చెరువు ఉండవచ్చు, ఇంకొక చేను కౌలుకు పోయి ఉండవచ్చు. చేను మాత్రం కదలదు. 2008 నుంచి ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు ఉచితంగా లభిస్తున్నాయి. వాటిలో ఒక్కొక్క చుక్క (పిక్సెల్) 30 మీటర్ల చదరం, అంటే మన లెక్కలో సుమారు 22 సెంట్లు. కాబట్టి ఎకరం చెరువు నాలుగైదు చుక్కలకు మించదు. సార్వా నాట్ల కాలపు చిత్రాలు తీసుకుంటే నీరు పెట్టిన చేనూ చెరువులాగే కనిపిస్తుంది. కాలువలు కట్టేసిన వేసవి చిత్రాలు చూస్తే ఆ పొరపాటు చాలా వరకు తగ్గుతుంది.

రెవెన్యూ శాఖలో పనిచేసినవాడిని

మాస్టారు చెప్పినదానికి ఒక హెచ్చరిక చేర్చాలి. చేను వెంట వెళితే మీరు అడంగల్ (ఏ చేను ఎవరి సాగులో ఉందో రాసే గ్రామ రికార్డు) దగ్గరకు చేరుతారు, అక్కడ కౌలుదారు పేరు చాలాసార్లు కనిపించదు. 1956 నాటి కౌలు చట్టం కింద హక్కు అడుగుతారేమోనని భూయజమానులు కాగితం రాయరు. మాట మీదే కౌలు నడుస్తుంది. 2011 చట్టం రుణ అర్హత కార్డు ఇవ్వమన్నది, 2019 చట్టం 11 నెలలకు సాగు హక్కు పత్రం ఇవ్వమన్నది. రెండవదానికి యజమాని ఒప్పుదల కావాలి. ఆ ఒప్పుదల దొరకని కౌలుదారు ప్రభుత్వ లెక్కలో లేనట్లే. లెక్కలో లేని మనిషిని రికార్డులోంచి తీసిన జాబితాతో పట్టుకోలేము. ఓటర్ల జాబితా కూడా చాలదు, పేరు ఇక్కడ ఉండి మనిషి గల్ఫ్‌లో ఉన్న ఇళ్ళు మన వైపు ఎన్నో ఉన్నాయి. ఊళ్ళో గడప గడపకూ తిరిగి మీ జాబితా మీరే రాసుకోండి.

మాటల విషయంలో కూడా జాగ్రత్త అవసరం. "శిస్తు ఎంత?" అని అడిగితే కొందరు పెద్దలు వెనకటి ప్రభుత్వ పన్ను సంగతి చెబుతారు, కొన్ని ఊళ్ళలో కౌలుదారులు యజమానికి కొలిచే బస్తాల లెక్క చెబుతారు. ఇద్దరి జవాబులూ ఒకే గడిలో పడితే ఏ కంప్యూటరూ వాటిని విడదీయలేదు. యజమాని అరుగు మీద కూర్చొని ఉండగా కౌలుదారును అడగవద్దు. మీరు రాసుకున్న పేరు, సర్వే నంబరు ఎవరి కంటైనా పడితే వచ్చే సంవత్సరం ఆ మనిషికి ఆ చేను దక్కకపోవచ్చు. పేర్లకు బదులు గుర్తులు వాడి, ఆ గుర్తుల పట్టికను వేరేచోట దాచండి.

ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. మీ చేను ఎవరు చేస్తున్నారు?

భీమవరం నుంచి మెకాంగ్‌కు వెళ్ళి వచ్చిన పరిశోధకుడు

మీ ప్రశ్నావళి అక్కడ మొదటి పుటలోనే ఆగిపోతుంది. "సొంత భూమా, కౌలు భూమా?" అనే ప్రశ్నను మనం అనుకునే అర్థంలో అక్కడ అడగలేము. వియత్నాంలో భూమి యావత్తు ప్రజలది, నిర్వహణ ప్రభుత్వానిది. కుటుంబానికి ఉండేది వినియోగ హక్కు. 1993 భూచట్టం ఏటా వేసే పంటలకు ఆ హక్కును 20 సంవత్సరాలకు ఇచ్చి, మార్చుకోవడానికి, బదిలీ చేయడానికి, కౌలుకు ఇవ్వడానికి, వారసులకు చెందించడానికి, తాకట్టు పెట్టడానికి వీలు కల్పించింది. 2013 చట్టం ఆ గడువును 50 సంవత్సరాలకు పెంచింది. కాబట్టి మాటను కాదు, ఆ మాట వెనుక ఉన్న పనిని అడగాలి: ఈ చేనులో ఏమి వేయాలో ఎవరు నిర్ణయిస్తారు, నష్టం వస్తే ఎవరు భరిస్తారు?

నాకు ఎక్కువ ఆసక్తి కలిగించిన పోలిక నీటి తలుపుల దగ్గర ఉంది. అక్కడ వరి విస్తరణ కోసం ఉప్పునీరు రాకుండా ప్రభుత్వం తలుపులు కట్టింది. 2000లో దిగుబడి తక్కువగా ఉన్న వరి భూములను చెరువులుగా మార్చుకోవడానికి అనుమతించింది. 2001లో బాక్ లియూ రాష్ట్రంలో రొయ్యల రైతులు ఉప్పునీటి కోసం ఒక అడ్డుకట్టనే తెంచారు. ఆ తరువాత అక్కడ తలుపులను ఎప్పుడు తెరవాలి, ఎప్పుడు మూయాలి అనేది వరి రైతులకూ రొయ్యల రైతులకూ మధ్య బేరంగా మారింది. చాలాచోట్ల ఎండాకాలం రొయ్య, వానాకాలం అదే మడిలో వరి వేస్తారు. మన దగ్గర ఉప్పునీటి నిర్ణయం ఎవరి చేతిలో ఉంది అని అడిగితే రెండు డెల్టాలూ ఒకే ప్రశ్న కిందకు వస్తాయి.

నెల రోజులలో అక్కడ సర్వే చేయడం మానుకోండి. విదేశీ పరిశోధకులు స్థానిక విశ్వవిద్యాలయం ద్వారా, ఉదాహరణకు 1966లో ఏర్పడిన కాన్ థో విశ్వవిద్యాలయం వంటి సంస్థ ద్వారా, అనుమతి తీసుకోవాలి. ఇంటర్వ్యూలో అధికారి పక్కన కూర్చోవడం అరుదు కాదు. గోదావరిని ముఖ్య అధ్యయనంగా పెట్టుకొని, మెకాంగ్‌ను ప్రచురిత పరిశోధనల నుంచి, 2002 నుంచి వస్తున్న వియత్నాం కుటుంబ జీవన ప్రమాణాల సర్వే నుంచి నిర్మించుకోండి. ఆ నెలను నీటి తలుపుల నిర్వాహకులతో మాట్లాడడానికి వాడండి. భాష మాత్రం ఇప్పుడే మొదలుపెట్టండి. ఆరు స్వరాలని భయపెడతారు గాని దక్షిణాదివారి పలుకుబడిలో రెండు కలిసిపోయి అయిదే వినిపిస్తాయి.

కోనసీమ విద్యార్థిని

అందరికీ కృతజ్ఞతలు. ప్రశ్నను ఇలా మార్చి రాశాను: "ఒకే కాలువ శివారున ఉన్న రెండు గ్రామాలలో, ఉప్పునీటిని చేనులోకి రానిచ్చే నిర్ణయం ఎవరి చేతిలో ఉన్నందువల్ల ఒకటి చెరువులకు మారింది, మరొకటి మారలేదు?" మార్గదర్శకులు దీనిని తిప్పి పంపలేదు.

రెవెన్యూ వారు అడిగినదానికి జవాబు రాయడానికి రెండు రోజులు పట్టింది. మా నాలుగు ఎకరాలను నాన్నగారు ఆరేళ్ళ క్రితం చెరువుకు ఇచ్చారు, కాగితం లేదు. మా పక్క చేను వరి కౌలుదారు, ఊట వస్తున్నదని చెప్పడానికి మా ఇంటికి రెండుసార్లు వచ్చారు. అప్పుడు టీ ఇచ్చినది నేనే.

రెవెన్యూ శాఖలో పనిచేసినవాడిని

అయితే మీ ఊళ్ళో కౌలుదారులను మీరు అడగవద్దు, మరొకరి చేత అడిగించండి. వరి ఊళ్ళో మాత్రం మీరే వెళ్ళండి. ఈ నాలుగు ఎకరాల సంగతిని సిద్ధాంత గ్రంథంలో పద్ధతుల అధ్యాయంలోనే రాయండి. ముందుగా నాన్నగారికి చెప్పండి.