డయాసిస్ కార్యాలయం నుంచి పాస్టరేట్‌కు వెళ్లిన ప్రెస్బిటర్ల అనుభవాలు కావాలి

బెజవాడ ప్రెస్బిటర్ (మే 2024)

అందరికీ వందనాలు. నేను ప్రెస్బిటరును, అంటే అభిషేకం పొందిన పాస్టరును. తొమ్మిదేళ్లుగా మా సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) డయాసిస్ (బిషప్ గారి పాలనలోని మండలం) కార్యాలయంలో పని చేస్తున్నాను. బడుల కరస్పాండెంట్ పని, హాస్టళ్ల లెక్కలు, ఆస్తుల దస్తావేజులు, విదేశీ విరాళాల ఖాతా, ఇవన్నీ నా బల్ల మీదుగానే వెళ్లేవి. ఆదివారాల్లో ఎవరు పిలిస్తే ఆ సంఘానికి వెళ్లి, ప్రసంగించి, మధ్యాహ్న భోజనానికి ఇల్లు చేరేవాడిని. ఆ ప్రసంగం విన్నవారిలో ఒక్కరి పేరైనా మరుసటి వారానికి నాకు గుర్తుండేది కాదు.

జూన్ నుంచి నన్ను సింగ్‌నగర్ వైపు ఒక పాస్టరేట్‌కు, అంటే ఒక పాస్టరు చూసుకునే సంఘానికి, వేశారు. నేనే అడిగి వేయించుకున్నాను. అడిగినప్పుడున్న ధైర్యం ఉత్తర్వు చేతికి వచ్చాక లేదు. నేను చివరిసారి భూస్థాపన (అంత్యక్రియల) ఆరాధన నడిపించి ఆరేళ్లు దాటింది. సంఘంలో చాలామందికి నేను సర్క్యులర్ల కింద ఉండే సంతకంగా మాత్రమే తెలుసు. ఇలా మారినవారు మొదటి ఏడాది ఏం చేశారో, ఏం చేయకుండా ఉంటే బాగుండేదనుకున్నారో చెప్పగలరా?

తెనాలి, విశ్రాంత ప్రెస్బిటర్

సోదరా, ఏం చేయకూడదో చెప్పడం నాకు తేలిక, ఎందుకంటే నేను అదే చేశాను. మూడేళ్లు కార్యాలయంలో ఉండి ఒక పల్లె పాస్టరేట్‌కు వెళ్లాను. వెళ్లిన నెలలోనే పాత క్యాష్‌బుక్కులు తెప్పించి కూర్చున్నాను. 340 రూపాయలకు ఓచరు కనిపించలేదు. కమిటీలో అందరి ముందూ అడిగాను. ట్రెజరరు గారు మారుమాట లేకుండా తాళంచెవులు బల్ల మీద పెట్టి లేచి వెళ్లిపోయారు. ఆ డబ్బుతో చర్చి కాపలాదారు భార్యకు మందులు కొన్నారని, అప్పుడున్న అయ్యగారే కొనమన్నారని తరువాత తెలిసింది. క్రిస్మస్ దాకా ఆయన ఆరాధనకు రాలేదు. నేను రెండుసార్లు ఇంటికి వెళితే రెండుసార్లూ మజ్జిగ ఇచ్చి పంపారు, మాట మాత్రం కలపలేదు.

నా లెక్క తప్పు కాదు. కార్యాలయంలో ప్రశ్న కాగితాన్ని అడుగుతుంది. సంఘంలో అదే ప్రశ్న మనిషిని అడిగినట్టు ఉంటుంది. కాబట్టి మొదటి మూడు నెలలు లెక్కల జోలికి వెళ్లకుండా, వీధి వీధికీ తిరిగి గృహ దర్శనాలు పూర్తి చేయండి. పెద్దవాళ్లు ఏ కీర్తన అడుగుతారో, కీర్తనల పుస్తకంలోని నంబరుతో సహా రాసి పెట్టుకోండి. మంచంలో ఉన్నవారి దగ్గర మీకు ఎక్కువగా పనికొచ్చేది అదే.

ఒక మాట అదనంగా చెప్పనివ్వండి. మన అజరయ్య గారు కూడా కార్యదర్శి పని నుంచి వచ్చినవారే. 1895 నుంచి వైఎంసీఏలో (క్రైస్తవ యువజన సంఘంలో) పని చేసి, 1905లో నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపనలో పాలుపంచుకుని, 1909లో గురుత్వ అభిషేకం పొంది డోర్నకల్ చేరారు. తమిళుడైన ఆయన తెలుగు నేర్చుకున్నది ఇక్కడికి వచ్చాకే. 1912లో భారతీయులలో తొలి ఆంగ్లికన్ బిషప్ అయిన తరువాత కూడా పల్లెలు తిరగడం మానలేదు. ఆయనతో మనల్ని పోల్చుకోవడానికి చెప్పడం లేదు. దేశమంతా తిరిగే ఉద్యోగం నుంచి మాలపల్లె అరుగు మీదికి రావడాన్ని ఆయన దిగడంగా అనుకోలేదని గుర్తుచేయడానికి చెబుతున్నాను.

లూథరన్ మిత్రుడు, గుంటూరు

మాది ఏఈఎల్‌సీ (ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి) సంఘం. 1842లో హయ్యరు దొరగారు గుంటూరు వచ్చిన దగ్గర నుంచి ఈ ఊళ్లో మా వాళ్లే ఎక్కువ, అటు కృష్ణా జిల్లాలో 1841లో బందరు చేరిన ఫాక్సు, నోబుల్ దొరల చర్చి మిషనరీ సొసైటీ వారు ఎక్కువ. సంప్రదాయాలు వేరైనా పాస్టరేట్ తలనొప్పులు ఒక్కటే కాబట్టి చనువు తీసుకుంటున్నాను. మా సంఘంలో నేను పదేళ్లుగా ట్రెజరరును.

పెద్దాయన చెప్పినదాన్ని గౌరవిస్తూనే కొంచెం విభేదిస్తాను. కార్యాలయంలో నేర్చిన పనిని గుమ్మం బయట వదిలి రమ్మనడం సరికాదు. ఒక ఉదాహరణ చెబుతాను. క్రైస్తవ వివాహ చట్టం, 1872 ప్రకారం పెళ్లి ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపల జరగాలి. మినహాయింపులున్నా అవి కొద్ది. మా దగ్గర ఒక పెళ్లికి ఫొటోల వాళ్ల ఆలస్యం వల్ల పెళ్లికూతురు గుడి మెట్లెక్కేసరికి ఆరున్నర దాటింది. అంతకు ముందు కార్యాలయంలో పని చేసి వచ్చిన మా పాస్టరు గారు పాటలు తగ్గించి, ప్రసంగం నాలుగు మాటల్లో ముగించి, ఏడుకు ముందే ప్రమాణాలు చేయించి, రిజిస్టరులో సంతకాలు పెట్టించారు. పెళ్లివారు ఆ రోజు నొచ్చుకున్నారు. రెండేళ్ల తరువాత ఆ అబ్బాయి వీసా పని మీద ధ్రువపత్రం కోసం వచ్చినప్పుడు కాగితంలో ఒక్క లోపం లేదు, అప్పుడు ఆ తల్లిదండ్రులే ఆయనకు చీనీపండ్ల బుట్ట తెచ్చి ఇచ్చారు. కాగితం తెలిసిన పాస్టరు దొరకడం సంఘానికి అదృష్టమే, అయితే ఆ కాగితం మా మీదికి కాక మా కోసం పని చేయాలి.

పాస్టరు గారి ఇల్లాలు

అయ్యగారూ, ఈ విషయం మీ ఇంట్లో అమ్మగారికి కూడా చదివి వినిపించండి. కార్యాలయానికి వేళలుంటాయి, పార్సనేజీకి (పాస్టరు ఉండే ఇంటికి) ఉండవు. ఉదయం అయిదున్నరకే ఎవరో ఒకరు గేటు తడతారు. ఆపరేషన్‌కు వెళుతూ ప్రార్థన చేయించుకోవడానికి వచ్చినవారిని, గేటు దగ్గర దీపం వెలగలేదని ఫిర్యాదు చేయడానికి వచ్చినవారిని ఒకే ముఖంతో పలకరించాలి. మా వారు బదిలీ అయిన మొదటి డిసెంబరులో సెమీ క్రిస్మస్‌లు, రాత్రి క్యారల్స్, గ్రామ సంఘాల సంస్కార (ప్రభు రాత్రి భోజన) ఆరాధనలు అయ్యేసరికి గొంతు పూర్తిగా పోయి, 31 రాత్రి ఆరాధనను క్యాటకిస్టు (సంఘ బోధకుడు) గారితో చదివించవలసి వచ్చింది. వారంలో ఒక పూట గేటు మూయడం మొదటి నెలలోనే అలవాటు చేయండి. తరువాత మూస్తే అలిగారంటారు.

బెజవాడ ప్రెస్బిటర్ (డిసెంబరు 2024)

ఇంత ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. నేను చేరిన మూడో నెలలోనే, సెప్టెంబరు 1న, బుడమేరు వాగు పొంగి మా వీధుల్లోకి వచ్చింది. పెద్దాయన చెప్పిన గృహ దర్శనాలు అప్పటికి సగమే అయ్యాయి. మిగతా సగం నీళ్లు దిగాక చేశాను.

ఒక సంగతి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. సంఘ సభ్యుల జాబితా ప్రింటు తీసి, క్లిప్‌బోర్డుకు పెట్టుకుని, ఎవరింట్లో ఏం పోయిందో గళ్లలో రాసుకుంటూ బయలుదేరాను. తొమ్మిదేళ్ల అలవాటు. మూడో ఇంట్లో ఒక ముసలమ్మ గుమ్మంలో బురద ఎత్తుతూ, నన్ను చూడగానే ఆధార్ కార్డు, రేషన్ కార్డు తెచ్చి చేతిలో పెట్టింది. నష్టం రాసుకోవడానికి వచ్చిన ప్రభుత్వ మనిషిననుకుంది. నేను పాస్టరునని చెబితే, “మరి ఆ అట్ట ఎందుకయ్యా?” అంది. క్లిప్‌బోర్డు బండి డిక్కీలో పెట్టి వచ్చి, ఆమెతోపాటు బీరువాను వాలు చేసి నీళ్లు వంచాను. ఆ తరువాత ఇళ్లకు ఒట్టి చేతులతోనే వెళ్లి, రాత్రి ఇంటికి వచ్చాక గుర్తున్నంత వరకు రాసుకున్నాను. కొన్ని తప్పులు పోయాయి, రెండు కుటుంబాలకు దుప్పట్లు రెండుసార్లు అందాయి. ఎవరూ ఓచరు అడగలేదు.

గుంటూరు మిత్రులు చెప్పింది కూడా నిజమేనని చెప్పాలి. తడిసిన పట్టాదారు పుస్తకాలకు, పిల్లల సర్టిఫికెట్లకు నకళ్లు ఎక్కడ దొరుకుతాయో, ఏ కార్యాలయానికి ఏ అర్జీ పెట్టాలో చెప్పగలిగినవాడు ఆ వీధిలో నేనొక్కడినే. వరండాలో బల్ల వేసుకుని పది రోజులు అర్జీలు రాశాను, హిందువులు, ముస్లింలు కూడా వచ్చి రాయించుకున్నారు.

నీళ్ల తరువాత జరిగిన మొదటి సంస్కార ఆరాధన గురించి ఒక్క మాట రాస్తాను. 1950 నుంచి సీఎస్ఐ ఆరాధన క్రమంలో ఉన్నట్టే, బల్ల దగ్గర నుంచి సమాధానం, అంటే శాంతి పలకరింపు, చేతుల్లో చేతులుగా అందిస్తూ వచ్చాను. బ్లీచింగ్ పౌడరు వల్ల అందరి అరచేతులూ పగిలి గరుకుగా ఉన్నాయి, నావి కూడా. చాలాసేపటి వరకు తరువాతి మాట నా నోటికి రాలేదు. సంఘ పెద్ద ఒకరు నెమ్మదిగా కీర్తన ఎత్తుకున్నారు, నంబరు 1 నుంచి చివరిదాకా ఆయనకు కంఠతా వచ్చునట.

తెనాలి, విశ్రాంత ప్రెస్బిటర్

చదివి సంతోషించాను. సంఘం రిజిస్టర్లు ఏమయ్యాయి, సోదరా? బాప్తిస్మాల పుస్తకం కింది అరలోనే పెట్టి ఉంటారు, ప్రతి గుడిలోనూ అంతే.

బెజవాడ ప్రెస్బిటర్

కింది అరలోనే ఉంది, అయ్యగారూ. పేజీకి పేజీకి మధ్య పాత న్యూస్‌పేపరు పెట్టి, మేడ మీద గదిలో ఫ్యాను కింద రెండు వారాలు ఆరబెట్టాము. ఇంకు పుస్తకాలు చాలావరకు పోయాయి, బాల్‌పెన్ను వచ్చాక రాసినవి నిలిచాయి. అంటుకున్న పేజీల మీదివి ఇప్పుడు ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడిగి కొత్త పుస్తకంలోకి ఎక్కిస్తున్నాము. బీరువా అమ్మ తన నలుగురు పిల్లల బాప్తిస్మపు రోజులూ, ఏ అయ్యగారు ఇచ్చారో కూడా తడుముకోకుండా చెప్పింది. మూడో అబ్బాయి దగ్గర మాత్రం సంవత్సరం విషయంలో ఆమెకు, ఆమె చెల్లెలికి ఇంకా తేలలేదు, అందుకే ఆ గడి ఖాళీగా ఉంచాను.