తైవాన్‌కి ఆయుధాలు: చట్టం మారిస్తే తొందరగా అందుతాయా?

ప్రశ్న: తైవాన్‌ని "నాటో ప్లస్" దేశాల్లో (ఆయుధాల అమ్మకాల్లో అమెరికా నాటో కూటమితో సమానంగా చూసే దేశాలు) చేర్చాలని అమెరికా కాంగ్రెస్‌లో బిల్లులు పెడుతూనే ఉన్నారు కదా, అది పాసైతే ఏం మారుతుంది? చైనా యుద్ధ విమానాలు జలసంధి చుట్టూ తిరుగుతుంటే ఇక్కడింకా కాగితాల దగ్గరే ఆగడం చూస్తే టెన్షన్‌గా ఉంది.

జవాబు: 1976 నాటి ఆయుధ ఎగుమతుల నియంత్రణ చట్టం ప్రకారం పెద్ద అమ్మకమైతే ముందు కాంగ్రెస్‌కి చెప్పాలి. నాటో దేశాలు, జపాన్, దక్షిణ కొరియా, ఇజ్రాయెల్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లకైతే కాంగ్రెస్ పరిశీలనకు 15 రోజుల గడువు, తైవాన్‌కి 30. బిల్లు పాసైతే తైవాన్‌కీ ఆ దేశాల లెక్కే వర్తిస్తుంది. ప్రధాన యుద్ధ సామగ్రిలో ఆ దేశాలకు 2.5 కోట్ల డాలర్ల నుంచి చెప్పాలి, తైవాన్‌కి 1.4 కోట్ల నుంచే.

జవాబు: పదిహేను రోజులు మిగిలితే ఏం ఒరుగుతుందండీ? తైవాన్‌కి 66 ఎఫ్-16 యుద్ధ విమానాలకు 2019లోనే ఆమోదం వచ్చింది, మొదటిది అప్పగించేసరికి 2025 మార్చి అయింది. ఆలస్యమంతా ఫ్యాక్టరీలో ఉంది.

జవాబు: నిజమే, చట్టం ఒక్కటే సరిపోదు. ఉక్రెయిన్ కోసం 2022 మేలో లెండ్-లీజ్ చట్టం (ఆయుధాలను అరువుగా, అద్దెకు తొందరగా ఇచ్చే వీలు కల్పించేది) చేశారు, ఒక్కసారీ వాడకుండానే గడువు తీరిపోయింది. అయినా నేను ఈ బిల్లుకే ఓటేస్తాను, యుద్ధం మొదలయ్యాక పదిహేను రోజులంటే మాటలు కాదు. కాకపోతే దాంతోపాటు క్షిపణుల తయారీ పెంచడానికి డబ్బు కూడా కేటాయించాలి.