కోచ్ వెళ్లిపోయాక మిడ్-మేజర్ జట్టు నిలబడేదెలా?

ఫ్లోరిడా_రవి: అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో ఎఫ్ఏయూ (ఫ్లోరిడా అట్లాంటిక్ యూనివర్సిటీ) మిడ్-మేజర్, అంటే పెద్ద కాన్ఫరెన్సుల (లీగుల) బయట ఉన్న జట్టు. 2023లో జాతీయ టోర్నీ ఫైనల్ ఫోర్ (సెమీఫైనల్) ఆడింది. మరుసటి ఏడాదే కోచ్ డస్టీ మే మిషిగన్‌కి వెళ్లిపోయాడు. ఆటగాళ్లలో గోల్డిన్ ఆయన వెంటే నడిచాడు. జానెల్ డేవిస్ ఆర్కన్సాకి, అలైజా మార్టిన్ యూనివర్సిటీ ఆఫ్ ఫ్లోరిడాకి. 2025లో మార్టిన్ అక్కడ టైటిల్ గెలిస్తే నా కడుపు మండిపోయింది. ఇలాంటి జట్లు నిలబడాలంటే ఏం కావాలి? డబ్బా, కోచా, కాన్ఫరెన్స్ మారడమా?

స్పొకేన్_శ్రీను: గొంజాగా యూనివర్సిటీని చూడండి. 1999 నుంచి టోర్నీ జరిగిన ప్రతి ఏడూ ఆడింది. 2017, 2021లో ఫైనల్. కోచ్ మార్క్ ఫ్యూ కదల్లేదు, అంతే.

బట్లర్_కిరణ్: పాక్-12 కాన్ఫరెన్స్ పిలిచి మరీ చేర్చుకున్న గొంజాగా మిడ్-మేజరా? పోలిక పెట్టేముందు ఆలోచించండి.

స్పొకేన్_శ్రీను: ఆ పిలుపు ఊరికే వచ్చిందా? అన్నేళ్లూ వెస్ట్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లోనే, ఆరు వేల సీట్లు దాటని హాళ్లలోనే ఆడి సంపాదించుకుంది. గెలిచిన జట్టునల్లా లిస్టులోంచి తీసేస్తే ఇక మిగిలేది ఎవరు?

బట్లర్_కిరణ్: మా బట్లర్ యూనివర్సిటీ కూడా గెలిచింది. 2010, 2011 వరుసగా ఫైనల్ దాకా వెళ్లాం. 2013లో మా కోచ్ స్టీవెన్స్ ఎన్‌బీఏ జట్టు సెల్టిక్స్‌కి వెళ్లాడు, మేం బిగ్ ఈస్ట్ అనే పెద్ద కాన్ఫరెన్స్‌కి వెళ్లాం. మళ్లీ ఫైనల్ ఫోర్ ముఖం చూడలేదు. ఆ బాధ మీకేం తెలుసు!

సాహితి_ఎంఎస్: మా యూనివర్సిటీ ప్రతి సెమిస్టర్ అథ్లెటిక్స్ ఫీజు తీసుకుంటుంది. సాయంత్రాలు ల్యాబ్‌లోనే గడిచిపోతాయి, మ్యాచ్ చూసే తీరికే ఉండదు. లోన్ తీసుకుని చదివేవాళ్లు జట్టును ఎందుకు పోషించాలి?

హూప్స్_మాస్టర్: పదేళ్లుగా స్కూలు పిల్లలకి కోచింగ్ ఇస్తున్నాను, నా మాట వినండి. వీసీయూ (వర్జీనియా కామన్‌వెల్త్ యూనివర్సిటీ) కోచ్‌లే చూడండి, కేపెల్ ఓక్లహోమాకి, గ్రాంట్ అలబామాకి, స్మార్ట్ టెక్సస్‌కి, వేడ్ ఎల్‌ఎస్‌యూకి, రోడ్స్ పెన్ స్టేట్‌కి, ఓడమ్ వర్జీనియాకి వెళ్లారు. ప్రతిసారీ జట్టు మళ్లీ లేచింది. కోచ్‌ని ఆపడం కాదు, తర్వాతి కోచ్‌ని సరిగ్గా ఎంచుకోవడమే పని.

స్పొకేన్_శ్రీను: వీసీయూ ఒక్క ఫైనల్ ఫోరే కదా, 2011లో.

హూప్స్_మాస్టర్: ఆ ఏడాది ఫస్ట్ ఫోర్ (అసలు టోర్నీకి ముందు ఆడే తొలి రౌండ్) నుంచి మొదలుపెట్టి వెళ్లింది. మీ గొంజాగా అలా వెళ్లిందా?

ఫ్లోరిడా_రవి: డబ్బు సంగతి ఎవరూ చెప్పలేదు. 2025 కోర్టు సెటిల్‌మెంట్‌తో పెద్ద స్కూళ్లు ఏడాదికి దాదాపు రెండు కోట్ల డాలర్ల దాకా ఆటగాళ్లకి నేరుగా ఇవ్వొచ్చు. ఎఫ్ఏయూ ఎక్కడినుంచి తెస్తుంది?

సాహితి_ఎంఎస్: ఎక్కడినుంచేముంది, మా ఫీజుల్లోంచే. ఎఫ్-1 మీద ఆడే విదేశీ పిల్లలకైతే ఆ డబ్బు తీసుకోవాలన్నా వీసా టెన్షనే. దాని గురించి ఒక్కరూ మాట్లాడరు.

బట్లర్_కిరణ్: శ్రీను గారూ, నా ప్రశ్నకి జవాబు ఇంకా రాలేదు.