పిల్లల భయానికి కారణం ఏది? "అన్ని సిద్ధాంతాలూ కరెక్టే" అంటే సరిపోతుందా?

డీఎస్సీ_అభ్యర్థిని:
టెట్‌కి చదువుతున్నానండి. పావ్‌లోవ్ అంటే కుక్క, థార్న్‌డైక్ అంటే పిల్లి, స్కిన్నర్ అంటే ఎలుక, కోహ్లర్ అంటే చింపాంజీ అని బిట్లన్నీ బట్టీ పట్టేశాను. మనోవిశ్లేషణ, ప్రవర్తనావాదం, కాగ్నిటివ్, మానవతావాదం, జీవశాస్త్ర దృక్పథం, అన్నీ చెప్పాక చివర్లో "ఎవరి కోణంలో వాళ్లు కరెక్టే" అని పుస్తకం ముగించేస్తుంది. నాకు అది మింగుడు పడట్లేదు. ఒకే పిల్లాడి భయానికి రెండు వేరు వేరు కారణాలు చెబితే రెండూ ఎలా నిజమవుతాయి?

పాత_లెక్చరర్:
అవ్వవమ్మా. నీ డౌట్ సరైనదే. మనోవిశ్లేషణకి మూలపురుషుడైన ఫ్రాయిడ్ 1909లో ప్రచురించిన హాన్స్ కేసే తీసుకో. వియన్నాలో ఐదేళ్ల పిల్లాడు, గుర్రం కరుస్తుందేమోనని వీధిలోకి రావడానికే వణికిపోయేవాడు. తండ్రి వాడి మాటలన్నీ రాసి ఫ్రాయిడ్‌కి పంపేవాడు, చికిత్స నడిచినన్నాళ్లలో ఫ్రాయిడ్ పిల్లాణ్ణి కూర్చోబెట్టి మాట్లాడింది ఒక్కసారే. గుర్రం అంటే నిజానికి తండ్రి, తల్లి మీది ప్రేమ వల్ల తండ్రి శిక్షిస్తాడన్న భయం గుర్రం మీదికి మళ్లింది, ఇదీ ఆయన తేల్చింది. కానీ బండి లాగుతున్న పెద్ద గుర్రం కూలబడి కాళ్లు కొట్టుకోవడం తను చూశానని, ఈ పిచ్చి అప్పుడే పట్టుకుందని ఆ పిల్లాడే చెప్పాడు! అదీ ఆ కేసులోనే ఉంది. 1960లో, భయం కూడా అనుభవంతో నేర్చుకున్న ప్రవర్తనే అనే ప్రవర్తనావాదులు వోల్పే, రాక్‌మన్ ఈ మాటనే పట్టుకుని, కళ్లముందు జరిగింది వదిలేసి దాని వెనక ఇంకేదో ఎందుకు వెతకాలని నిలదీశారు. నేను వాళ్ల పక్షమే. ఏ ఆధారం దొరికితే తన మాట తప్పని ఒప్పుకుంటుందో చెప్పలేని వివరణని, చెప్పగలిగేదాని పక్కన సమానంగా కూర్చోబెట్టడం పిల్లలకి అన్యాయం.

వైజాగ్_అమ్మ:
సార్, మీరు చెప్పింది బాగానే ఉంది గానీ, కళ్లముందు ఏమీ జరగకపోతే? మా పాపకి బల్లి అంటే చచ్చేంత భయం. బల్లి ఏనాడూ పాప మీద పడలేదు, ఏమీ చేయలేదు. కానీ వంటింట్లో ట్యూబ్‌లైట్ వెనక నుంచి బల్లి తొంగిచూస్తే చాలు, నేను చేతిలో గరిటె వదిలేసి కేక పెట్టి బయటికి పరిగెత్తేదాన్ని. పైగా ఎక్కడైనా బల్లి పడితే మా అత్తయ్య పంచాంగం తీసి, కుడి భుజమా, ఎడమ భుజమా అని ఫలితం చూసేవారు. పాప ఇవన్నీ చూస్తూ పెరిగింది. ఇందులో పావ్‌లోవ్ కుక్కకి మోగించినట్టు గంటా లేదు, షాకూ లేదు. మరి దీన్ని ప్రవర్తనావాదం ఎక్కడ పెడుతుంది?

కౌన్సెలింగ్_రూమ్:
అమ్మగారు అడిగింది అసలు ప్రశ్న. చూసి నేర్చుకోవడం అనేది బండూరా అనే మనస్తత్వవేత్త గట్టిగా పట్టుకున్న విషయం. భయం వదిలించడానికీ అదే పనికొస్తుంది: కుక్కలంటే భయపడే చిన్నపిల్లలకి, తమ ఈడు పిల్లాడు కుక్కతో ధైర్యంగా ఆడుకోవడం కొన్నిసార్లు చూపిస్తే వాళ్లూ దగ్గరికెళ్లారు (1967). లెక్చరర్ గారితో నాకు పేచీ ఒక్క చోటే. ఫ్రాయిడ్ తేల్చింది తప్పే కావచ్చు, కానీ ఐదేళ్ల పిల్లాడి భయాన్ని వేషాలని కొట్టిపారేయకుండా, వాడేమన్నాడో మాట మాటా రాసిపెట్టి వినాలనుకోవడం చిన్న విషయం కాదు. మీరు ఫ్రాయిడ్ మీద వాడిన సాక్ష్యం కూడా అలా విన్నందుకే కదా మిగిలింది?

పాత_లెక్చరర్:
ఒప్పుకుంటున్నాను, ఆ సంగతి నాకు తట్టలేదు. అమ్మా, మీ బల్లి విషయంలో ఇంకో మలుపుంది. కోతుల మీద సూసన్ మినేకా, మైకేల్ కుక్ చేసిన ప్రయోగం (1989). లేబొరేటరీలో పెరిగిన, పామునెప్పుడూ చూడని కోతులకి వీడియో వేశారు. కొన్నింటికి వేరే కోతి ఒకటి బొమ్మ పామును చూసి బెదిరినట్టు, కొన్నింటికి అదే బెదురు పూలను చూసి కలిగినట్టు అతికించారు. పాము వీడియో చూసినవి పామంటే భయం నేర్చుకున్నాయి, పూల వీడియో చూసినవి పూలకి భయపడలేదు. అంటే భయం దేనితోనైనా ఒకేలా ముడిపడుతుందన్న పాత ప్రవర్తనావాదుల నమ్మకం కూడా తప్పే. నా పక్షమే ఓడింది ఇక్కడ, అయినా చెప్పాలి.

వైజాగ్_అమ్మ:
ఇప్పుడు నేనేం చెయ్యాలి మరి? నా భయమే పోలేదు.

కౌన్సెలింగ్_రూమ్:
1924లో మేరీ కవర్ జోన్స్ పీటర్ అనే పిల్లాడితో చేసింది చూడండి. వాడికి కుందేలంటే భయం. వాడు ఇష్టమైనది తింటుండగా, గదిలో దూరంగా బోనులో కుందేలును పెట్టి, రోజురోజుకీ కొంచెం దగ్గరికి తెచ్చారు. చివరికి వాడే దాన్ని నిమిరాడు. పాపతో పాటు మీరూ కూర్చోండి. ముందు గది అవతల గోడ మీద బల్లిని, ఇద్దరూ ఏదైనా తింటూ, కేక వేయకుండా చూడండి. తొందర వద్దు, పాప వద్దంటే ఆ రోజుకి ఆపేయండి.

డీఎస్సీ_అభ్యర్థిని:
మా పుస్తకంలో పీటర్ ఒక్క లైను. "భయాన్ని తొలగించిన ప్రయోగం ఎవరిది?" అని బిట్టు. ఆ కుందేలును ఎంత దూరంలో పెట్టి మొదలెట్టారో, ఎందుకలా చేశారో మాకెవరూ చెప్పలేదు.