గల్లంతైన విమానమా, ఆచూకీ తెలియని విమానమా?

అసలు పోస్టు (హైస్కూల్ టీచరు):

అందరికీ నమస్కారం. మా బడి గోడపత్రికలో ఈసారి అరుణాచల్ ప్రదేశ్ కొండల్లో కూలిన ఒక అమెరికన్ బాంబర్ గురించి రాస్తున్నాం. పిల్లలు పెట్టిన శీర్షిక "అరవై రెండేళ్లు గల్లంతు". చదవగానే ఎక్కడో తేడా కొట్టింది. ఏం తేడా అని పిల్లలు అడిగితే చెప్పలేక మీ దగ్గరికొచ్చాను.

సంగతి క్లుప్తంగా చెబుతాను. 1942లో జపాన్ సేనలు బర్మా రోడ్డుని మూసేశాక, చైనాకి పెట్రోలు, మందుగుండు అన్నీ అస్సాం నుంచి హిమాలయాల మీదుగా విమానాల్లోనే వెళ్లేవి. ఆ దారిని పైలట్లు 'హంప్' అనేవాళ్లు. 1944 జనవరి 25న 'హాట్ యాజ్ హెల్' అనే బి-24 లిబరేటర్ ఎనిమిది మందితో చైనాలోని కున్మింగ్‌లో బయల్దేరింది. అస్సాంలోని చాబువాకి రావాలి, రాలేదు. 2006లో క్లేటన్ కూల్స్ అనే అమెరికన్, ఆది తెగ వాళ్ల సాయంతో డంరో గ్రామం పైనున్న కొండల్లో దాని ముక్కలు చూశాడు. శీర్షికకి, కింద రెండు వాక్యాలకి మాటలు సరిచూసి పెట్టగలరు.

మొదటి జవాబు:

టీచర్ గారూ, తప్పేముందండీ? పేపర్లో రోజూ వచ్చే మాటే కదా. "గోదావరిలో ఇద్దరు గల్లంతు" అని రాస్తే అందరికీ అర్థమవుతోంది.

రెండో జవాబు (గ్రూపులో అందరూ మాస్టారు అని పిలిచే ఆయన):

అర్థం కావడం వేరు, అతకడం వేరు. బ్రౌన్ నిఘంటువు తీసి చూడండి. గల్లంతు అంటే గోల, గందరగోళం. మా ఇంట్లో పెద్దవాళ్లు "పెళ్లిలో ఒకటే గల్లంతు, ఎవరేం మాట్లాడుతున్నారో తెలీలేదు" అనేవాళ్లు. ఆ గందరగోళంలో పోయిన వస్తువు గల్లంతైనట్టు. అక్కణ్నుంచి మాట ఎన్నికల్లోకి దిగి డిపాజిట్లు గల్లంతు, ఓటరు జాబితాలో పేర్లు గల్లంతు అయింది. ఇక ఏట్లో దిగిన మనిషి గల్లంతయ్యాడని పేపరు రాసిందంటే, చదివేవాడికి ఆశ పోయినట్టే. వెతుకులాట జరుగుతున్నా సరే, ఆ మాటే మనిషిని ముంచేస్తుంది.

ఈ విమానం సంగతి అలా కాదు. ఇంటి దగ్గర వాళ్లు అరవై ఏళ్లపైగా ఆశ పూర్తిగా వదల్లేదు, తేల్చుకోనూ లేదు. ఆ సగం సగం స్థితికి మన దగ్గర ఉన్న మాట 'ఆచూకీ తెలియని'. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి హెలికాప్టర్ నల్లమలలో కనిపించకుండా పోయిన రోజు గుర్తుందా? పావురాలగుట్ట పేరు తెల్లారేదాకా ఎవరికీ తెలీదు. ఆ రాత్రంతా ఊళ్లో ఎవరి నోట విన్నా "ఆచూకీ తెలిసిందా" అనే. గల్లంతు అని ఎవరికీ నోరు రాలేదు.

తెలంగాణ నుంచి ఒక తమ్ముడు:

మా దిక్కు "పత్తా లేడు" అంటం మాస్టారూ. కానీ అప్పు తీసుకొని తప్పించుకు తిరిగేటోన్ని గూడ గట్లనే అంటం. గోడపత్రికకి పనికిరాదులే.

విశాఖ నుంచి ఒక సభ్యురాలు:

ఈ మాటల తేడా మా ఊరికి బాగా తెలుసు. 2016 జులై 22న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్తూ కనిపించకుండా పోయిన మన వాయుసేన విమానం ఏఎన్-32లో 29 మంది ఉన్నారు. వాళ్లలో ఎనిమిది మంది విశాఖ నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. 2024 జనవరిలో బంగాళాఖాతం అడుగున 3,400 మీటర్ల లోతులో శకలాల ఫొటోలు దొరికాయన్నారు. విమానం ఆచూకీ తెలిసింది, సరే. మనుషుల సంగతి? అందుకే నా మనవి: విమానానికి ఆచూకీ అనండి, మనుషులకి 'ఆనవాలు' అనండి. లంకలో సీతమ్మకి హనుమంతుడు ఉంగరం ఇచ్చింది ఆనవాలుగానే కదా. ఎముక ముక్కో, పళ్లో పరీక్ష చేసి ఇది ఫలానా మనిషిదని చెప్పడం కూడా అలాంటిదే.

మాస్టారు:

బాగా చెప్పావమ్మా. డంరో విషయంలో ఈ రెండు మాటల మధ్య పదేళ్లకు పైగా గడిచాయి. ఆచూకీ 2006లో తెలిసింది. అమెరికా బృందాలు తవ్వకాలు మొదలుపెట్టి, మధ్యలో ఆగి, 2015లో మళ్లీ వచ్చాయి. 2016 ఏప్రిల్‌లో ఢిల్లీలో సైనిక లాంఛనాలతో అవశేషాలను వాళ్ల దేశానికి పంపారు. 2017లో గానీ ఫస్ట్ లెఫ్టినెంట్ రాబర్ట్ ఆక్స్‌ఫర్డ్ ఆనవాలు తేలలేదు. జార్జియా రాష్ట్రంలో కాంకర్డ్ అనే చిన్న పల్లెటూరు ఆయనది. ఆ జూన్‌లో సొంత ఊళ్లోనే ఖననం చేశారు.

ఇంకో సంగతి, మన చర్చకి పనికొస్తుంది. జాడ తెలియని అమెరికన్ సైనికుల పేర్లు మనీలాలోని వాళ్ల యుద్ధ శ్మశానంలో రాతి పలకల మీద చెక్కారు. తర్వాత ఎవరి ఆనవాలైనా దొరికితే పేరు చెరపరు. పక్కన చిన్న కంచు పువ్వు బిగిస్తారు. అంటే "తెలియదు" అని రాతి మీద చెక్కాక తెలిస్తే ఏం చెయ్యాలో వాళ్లు ముందే ఆలోచించుకున్నారు. మనం కాగితం మీద రాసేదే కాబట్టి ఇంత తంటా లేదు.

మొదటి జవాబు రాసినాయన:

ఒప్పుకున్నాను. మరి చనిపోవడానికి ఏం రాస్తారు? "వీరమరణం పొందారు" అని రాస్తే సరిపోతుందా?

మాస్టారు:

నేనైతే రాయను. వీరమరణం అంటే ఎదురుగా శత్రువు ఉండాలి. పోరులో చనిపోయిన వాళ్లకి ఊళ్లలో నిలబెట్టిన రాయి, వీరగల్లు మీద చూడండి, కత్తో బల్లెమో పట్టుకుని ఉంటాడు మనిషి. ఈ ఎనిమిది మందిని మబ్బులు, కొండలు చంపాయి. ఆ రోజు వాళ్లు బాంబులు వేయడానికి బయల్దేరలేదు, సరుకు తెచ్చుకోవడానికి వెళ్తున్నారు. 'దుర్మరణం' ఇంకా ఘోరం. లారీ, ఆటో ఢీకొన్న వార్తలా ఉంటుంది. "విధి నిర్వహణలో చనిపోయారు" చాలు. చప్పగా ఉన్నా నిజం.

'అస్థికలు' కూడా వాడకండి టీచర్ గారూ. మనవాళ్లకి అది దహనం తర్వాత గోదాట్లో కలిపే మాట. 'భౌతికకాయం' అంటే పెట్టెలో నిండు మనిషి ఉన్నట్టు. 'అవశేషాలు' అనండి. కాకపోతే విమానానికి మాత్రం 'శకలాలు' వాడండి, రెండూ కలిసిపోకుండా.

టీచరు:

చాలా థాంక్స్ అందరికీ. పిల్లలతో కూర్చుని ఇలా మార్చాం, చూడండి:

"ఆచూకీ తెలియని అరవై రెండేళ్లు. 1944 జనవరి 25న విధి నిర్వహణలో చనిపోయిన ఎనిమిది మంది విమాన సిబ్బంది ప్రయాణించిన బాంబర్ శకలాలు 2006లో డంరో కొండల్లో కనిపించాయి. వాళ్లలో ఒకరి ఆనవాలు 2017లో తేలింది."

హంప్ విమానాల ముక్కల కోసమే 2023 నవంబరులో అరుణాచల్‌లోని పాసిఘాట్‌లో మ్యూజియం తెరిచారు కదా, దాని ఫొటో ఒకటి పక్కన పెడుతున్నాం.

విశాఖ సభ్యురాలు:

బాగుంది టీచర్ గారూ. రెండో వాక్యం మాత్రం మరీ సాగింది, "విమాన సిబ్బంది ప్రయాణించిన" తీసేసి రెండు ముక్కలు చేయండి. బాంబర్ పేరు కూడా రాయండి.

తెలంగాణ తమ్ముడు:

పేరు రాస్తే పిల్లలు అర్థం అడుగుతరు. "నరకమంత వేడి" అని చెప్పుండ్రి. ఆ చలి కొండల మీద ఎగిరే విమానానికి గా పేరు పెట్టినోళ్లకి దండం పెట్టాలె.