కనెక్షన్‌కి 250 రూపాయలు, పోయిన చోట పని కాకపోతే సున్నా: ఏ రేటు అడగాలి?

ఫైబర్_అనంతపురం:
అన్నలకు నమస్తే. అనంతపురంలో ఇళ్లకు ఫైబర్ నెట్ కనెక్షన్లు వేస్తాను. కంపెనీ పనిని ఒక పెద్ద కాంట్రాక్టర్‌కి ఇస్తుంది, ఆయన దగ్గర మా సబ్ కాంట్రాక్టర్ తీసుకుంటాడు, ఆయన కింద మేము. కనెక్షన్ యాక్టివ్ అయితే 250, కాకపోతే ఏమీ లేదు. బండి, పెట్రోలు, డ్రిల్లింగ్ మిషన్, ఫైబర్‌లో వెలుగు ఎంత వస్తోందో చూసే పవర్ మీటర్ అన్నీ మావే. బుక్కరాయసముద్రం వైపు ఒక ఇల్లు ఇస్తారు, ఎండలో అంత దూరం పోతే కస్టమర్ ఇంట్లో ఉండడు, లేదంటే పోల్ మీద బాక్సులో పోర్టు ఖాళీ ఉండదు, ఆ పూట పోయినట్టే. నెలలోపు కంప్లయింట్ వస్తే ఉచితంగా పోయి చూడాలి. ఎలుక కొరికినా, లారీ తగిలి కేబుల్ తెగినా మా మీదే 500 పెనాల్టీ. అడిగితే "నువ్వు ఉద్యోగివి కాదు, వెండర్‌వి" అంటారు. ఎంత అడిగితే న్యాయం, ఎవరిని అడగాలి?

స్ప్లైసర్_కడప:
తమ్ముడూ, ముందు నీకు గంటకు ఎంత పడుతోందో చూడు. ఇంట్లోంచి బయల్దేరి, ఆ పని ముగించేదాకా మూడు గంటలు అనుకో. 250లో పెట్రోలు 60 పోతే మిగిలేది 190, అంటే గంటకు 63 రూపాయలు. అందులో తిరిగి వచ్చేసిన ఇళ్లు కలపలేదు, మిషన్ అరుగుదల కలపలేదు.

రేటు పెట్టే ఆఫీసు వాళ్లకు పని ఎట్లా జరుగుతుందో తెలియదు. మా కడపలో పాత ఇళ్లు బండలతో కట్టినవి, ఆ గోడకు రంధ్రం వేసేసరికి బిట్టు మొద్దుబారుతుంది. కేబుల్ లాగి, కనెక్టర్ కట్టి మీటర్ పెడితే మైనస్ 20 దగ్గర ఉండాల్సింది మైనస్ 29 చూపిస్తుంది, మోడెమ్‌లో ఎర్ర లైటు. మళ్లీ నిచ్చెన వేసుకుని పోల్ ఎక్కి, బాక్సు మూత తీసి, కనెక్టర్ తుడిచి, అప్పటికీ రాకపోతే ఫైబర్ కోసి కొత్తగా కట్టాలి. ఇదంతా అదే 250లోనే.

ఇక్కడ మేమందరం కలిసి అడిగి రేటు విడగొట్టించుకున్నాం. పోయినందుకు విజిట్ చార్జి వేరు, కనెక్షన్ వేరు, కేబుల్ 100 మీటర్లు దాటితే ఆ పైన మీటరుకు ఇంత అని. నువ్వు 250ని 300 చేయమని అడిగితే, మరుసటి నెలకే పెనాల్టీల రూపంలో లాగేస్తారు. విడగొట్టమని అడుగు.

కార్మికచట్టం_కర్నూలు:
వెండర్ అని రాసినంత మాత్రాన వెండర్ అయిపోరు. రోజూ ఆర్డర్లు వాళ్లే ఇచ్చి, టైము వాళ్లే చెప్పి, పనిని వాళ్లే తనిఖీ చేస్తుంటే మీరు కార్మికులే అని వాదించడానికి గట్టి ఆధారం ఉంది. వేతనాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. ముక్క లెక్కన పని చేయించుకున్నా, గంటల లెక్కన వచ్చే కనీస వేతనానికి తగ్గకూడదు. జరిమానా వేసే ముందు మీ సంజాయిషీ వినాలి, ఒక జీతం కాలంలో జరిమానాలన్నీ కలిపి జీతంలో 3 శాతం దాటకూడదు. ఒక్కో కంప్లయింట్‌కు 500 లెక్కన కోస్తుంటే ఆ హద్దు ఎప్పుడో దాటి ఉంటుంది. బకాయి మీద మూడేళ్ల లోపు క్లెయిమ్ వేయవచ్చు. ఇక పోల్ మీద నుంచి పడితే కాంట్రాక్టర్ మాత్రమే కాదు, పని ఇచ్చిన అసలు యజమాని కూడా పరిహారానికి బాధ్యుడు, ఇది 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం నుంచీ ఉన్న నియమం. టెలికాం కేంద్రం పరిధిలోకి వస్తుంది, కాబట్టి ఫిర్యాదు కేంద్ర కార్మిక శాఖకు పెట్టండి. వాట్సాప్‌లో వచ్చిన ఆర్డర్లు ఒక్కటి కూడా డిలీట్ చేయొద్దు.

సబ్_కాంట్రాక్ట్_కర్నూలు:
నేను అవతలి పక్క ఉన్నవాణ్ణి, కర్నూలులో కొందరు కుర్రాళ్లతో పని చేయిస్తాను. మాకూ పైనుంచి బిల్లు పాస్ కావడానికి రెండు మూడు నెలలు పడుతుంది, వడ్డీకి తెచ్చి మీకిస్తాం, ఇది నిజం. అయినా ఖాళీ విజిట్‌కి నేను 80 ఇస్తున్నా, ఇవ్వకపోతే ఫైబర్ అతికించడంలో చేయి తిరిగిన స్ప్లైసర్లు బెంగళూరు బస్సెక్కుతారు. ఇంకో మాట, పెనాల్టీ కంపెనీ వేసిందని చెబితే ఆ షీటు చూపించమనండి. పైన వేయని పెనాల్టీని కింద కోసేవాళ్లు మాలో ఉన్నారు. టీడీఎస్ అని, అంటే ముందే పట్టుకునే ఆదాయపు పన్ను అని 1 శాతం కోస్తుంటే అది మీ పాన్ మీద 26ఏఎస్‌లో, అంటే ఆదాయపు పన్ను శాఖ చూపించే పన్ను లెక్కల పత్రంలో కనబడుతోందా చూసుకోండి.

ఫైబర్_అనంతపురం:
26ఏఎస్ చూశాను అన్నా, ఒక్క రూపాయి లేదు, ప్రతి నెలా కోస్తున్నారు. విజిట్ చార్జి, మీటరు రేటు, పెనాల్టీకి ఫోటో ప్రూఫ్ అడుగుతూ లెటర్ రాస్తున్నా. నా పేరు మీద ఇస్తే చాలా?

స్ప్లైసర్_కడప:
చాలదు, అట్లా చేయనే చేయొద్దు. ఒక్కడి పేరుంటే రేపటి నుంచి ఆ ఒక్కడికి ఆర్డర్లు రావు. మీ టౌన్‌లో మీ సబ్ కాంట్రాక్టర్ కింద చేసేవాళ్లందరి సంతకాలు పెట్టించు, ఒక కాపీ పెద్ద కాంట్రాక్టర్‌కి, ఒకటి కంపెనీకి స్పీడ్ పోస్టులో పంపు, రసీదులు దాచుకో.